అఫ్రా బాట ఆగిన చోటు

ఇన్నర్‌బాఖ్ అనే కొండ ఊళ్లో కొత్త మంచు పడిన మర్నాడు ఎవరూ తొందరపడి కొండెక్కరు. ముందు అఫ్రా వెళ్లాలి. చీజ్ చేసే పాకలో పని మానేసి ఏళ్లయినా, పొద్దున్నే స్కీలు తొడుక్కుని మోకాలిలోతు మంచులో బాట వేయడం మాత్రం ఆవిడ మానలేదు. ఆ బాట పట్టుకుని ఊరంతా కబుర్లాడుకుంటూ ఎక్కుతుంది. అఫ్రా వెళ్లిందంటే ఇక భయం లేదని అందరికీ గుడ్డి నమ్మకం. ఆవిడకేమో ఆ నమ్మకం చూసుకుని కాస్త గర్వం. శిఖరం తాకకుండా ఏనాడూ వెనక్కి రాలేదని పదిమందిలో చెప్పుకునేది కూడా.

ఓ ఆదివారం గాలి విసురుగా ఉంది. దేవదారు అడవి దాటి పెద్ద వాలు అంచున అడుగు పెట్టగానే కాళ్లకింద మంచు గుమ్మని కుంగింది. అఫ్రా ఠక్కున ఆగింది. వెనక్కి జరిగి, చెట్ల పక్కన పారతో తవ్వి చూసింది. పైన గాలి తెచ్చి పేర్చిన గట్టి మంచు పలక. దాని కింద పాత మంచు పంచదారలా జలజలా రాలిపోతోంది. ఒక్క మనిషి బరువు చాలు, వాలు వాలంతా ఊడి మీద పడుతుంది.

వెనక్కి తిరిగిందో లేదో పై ప్రాణాలు పైనే పోయాయి. కింద నుంచి చూస్తే తన బాట నేరుగా వాలులోకి వెళ్లినట్టే ఉంది. మిగతాది గాలి కప్పేసిందనుకుంటారు. కాసేపట్లో ఆ బాట మీదే తమ్ముడి కొడుకు కాస్పర్ వస్తాడు. ఆవిడ చేతుల్లో పెరిగినవాడు. వాడు మంచుకేసి చూడడు, బాటకేసి చూస్తాడు. ఆ అలవాటు చేసింది తనే.

ఇక పరువు సంగతి ఆలోచించలేదు. తను వేసిన బాటను తనే చెరిపేసి, అడ్డంగా కొమ్మలు పడేసి నిలబడింది.

"ఏంటత్తా, దారికడ్డంగా కాపలా కాస్తున్నావ్? సుంకం వసూలు చేస్తావా ఏంటి?" అన్నాడు కాస్పర్ వస్తూనే.

"వెనక్కి పద. వాలు బాలేదు."

"నువ్వేనా ఈ మాటంటోంది? మోకాళ్లు నొప్పులని చెప్పరాదూ! నువ్విక్కడే కూచో, నేను వెళ్లొస్తా."

"నా మోకాళ్లకేం, నీకంటే బానే ఉన్నాయి. నా బాట ఉంది కదాని కళ్లు మూసుకొచ్చేశావు. ఇలా వచ్చి చెయ్యి పెట్టి చూడు."

గుంటలో చెయ్యి పెట్టాడు. మంచు వేళ్లసందుల్లోంచి జారిపోయింది. వాడి మొహంలో నవ్వు మాయమైంది.

"అత్తా, నువ్వు దీనిమీద నిలబడ్డావా?"

"నిలబడ్డాను. భయమేసింది. నువ్వొస్తావని గుర్తొచ్చాక ఇంకా భయమేసింది."

ఇద్దరూ కిందికి దిగిపోయారు. ఆ వారమంతా వాలు మీది మంచు కదల్లేదు, మెదల్లేదు. బీరు కొట్టులో అందరూ అఫ్రాకి వయసు మీదపడిందని ఆటపట్టించారు. ఆవిడ లోలోపల ఉడుక్కుంది. కాస్పర్ మాత్రం నవ్వలేదు.

మళ్లీ మంచు పడిన మర్నాడు వాడే తలుపు తట్టాడు. "ఇవాళ ముందు నేను. నువ్వు వెనకాల రా."

ఇంకొకరు వేసిన బాటలో నడవడం అఫ్రాకి అదే మొదటిసారి. ఒకచోట మరీ నిటారుగా, ఇంకోచోట వంకరటింకరగా ఉంది. నోరు దురద పెడుతున్నా బిగబట్టుకుంది. అడవి అంచున కాస్పర్ ఆగి తవ్వాడు, చెయ్యి పెట్టి చూశాడు, వాలుకేసి చాలాసేపు చూశాడు.

"నాకు నచ్చలేదత్తా. ఇంటికి పోదాం."

ఇంకొంచెం పైకి వెళ్లొచ్చని అఫ్రాకి అనిపించింది. కానీ వాడు ఆవిడ మొహంకేసి కూడా చూడలేదు, అప్పటికే స్కీలు తిప్పేశాడు. అఫ్రాకి సంతోషంతో ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని వాడి వెనకే దిగింది.