కవలల కాన్పు, మా సులోచనక్క మాట

నిన్న పొద్దున ఆళ్లగడ్డ నుంచి అక్క కొడుకు ఫోన్.

“అమ్మ పోయింది, చిన్నమ్మా.”

షాక్. మొన్న ఆదివారం ఫోన్‌లో బీపీ మాత్రలు వేసుకోలేదని నన్ను తిట్టిన మనిషి.

మా అక్క సులోచన. స్కూల్ టీచర్. నిన్న చివరిచూపుకు వచ్చినవాళ్లెవరో ఆమె పక్కనే కూర్చుని, “మంచిదే గానీ మొండిది” అన్నారు.

అవును. మొండిదే. ఎంత మొండిదో చెబుతాను.

ఎనభైల మొదట్లో అక్క కడుపులో కవలలు. నంద్యాల డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, ముందు బయటికి రావాల్సిన బిడ్డ అడ్డంగా ఉందని చెప్పింది. నొప్పులొచ్చాక బయల్దేరితే దారిలోనే బిడ్డ దక్కకపోవచ్చు. నొప్పులకు ముందే ఆపరేషన్ మంచిదంది.

అక్క వాళ్లత్త ఒప్పుకోలేదు. తామంతా ఇంట్లోనే కన్నామని, కడుపు కోస్తే ఆడది మళ్లీ చేలో వంగలేదని గొడవ. బావ వాళ్లమ్మ వెనకే నిలబడ్డాడు.

అక్క బట్టలు సర్దుకుంది.

“కాన్పు నాది, అత్తా. బిడ్డలిద్దరూ బతకల్ల, నేనూ బతకల్ల. నంద్యాలకు పోతాండా.”

ఆస్పత్రిలో భర్త సంతకం అడిగారు. బావ వాళ్లమ్మను అడిగి వస్తానన్నాడు.

“నువ్వు పెడతావా, మా నాయనను పిలిపించల్లా?”

పెట్టాడు.

ఒక బాబు, ఒక పాప. ఇద్దరూ వార్డు అదిరేలా ఏడ్చారు.

తర్వాత ఏళ్లపాటు ‘కోయించుకున్న కోడలు’ అన్నారు. చర్చి దగ్గర ఒకామె మొహం మీదే అంటే, అక్క పిల్లలిద్దర్నీ ముందుకు తెచ్చి నిలబెట్టింది.

“అవును, కోయించుకున్నా. ఇద్దరూ ఉండారు. చూడు.”

కొన్నేళ్లకు నాకూ కవలలే. ఇద్దరి తలలూ కిందికే ఉన్నాయి. నార్మల్‌కి ట్రై చేయొచ్చు, థియేటర్ రెడీగా ఉంచుతాం, ఆపరేషన్ కావాలన్నా సరే అంది డాక్టరమ్మ. ఇంట్లో అందరూ ఆపరేషనే అన్నారు, అక్కను చూపించి మరీ.

నాకు నార్మల్‌కే మనసు. చెప్పే ధైర్యం లేదు.

అక్క వచ్చి మంచం మీద కూర్చుని, నాకేం కావాలో అడిగింది. చెప్పాను. అందరివైపు తిరిగింది.

“నా కడుపు సంగతి నేను చెప్పినా. దీని కడుపు సంగతి ఇది చెప్తాది.”

అంతే. అందరూ నార్మల్‌కే ఒప్పుకున్నారు.

డెలివరీలో రెండో పాప ఆలస్యమై నేను హడలిపోతే, అక్క నా చెయ్యి వదల్లేదు. ఇద్దరాడపిల్లలు, క్షేమంగా.

ఈరోజు అక్క పెట్టెను మోసింది ఆ నలుగురే, అక్క పిల్లలిద్దరూ నా పిల్లలిద్దరూ. ఆడపిల్లలు మోయకూడదని ఎవరో గొణిగారు.

మోశారు.

వెళ్లిరా అక్కా. ప్రభువు దగ్గర నిమ్మళంగా పడుకో. అక్కడ నీ మాట ఎవరూ కాదనరు.