అమ్మవారికి నేను అల్లిన ఆచారం

ఏళ్ళ తరబడి దీన్ని మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకూ చెప్పలేదు. మీకు నా పేరు తెలియదు కాబట్టి చెప్పేస్తాను. అమ్మవారి విషయంలో ఒక అబద్ధం ఆడాను. ఎందుకు? ఏమవుతుందో చూద్దామని. అంతే.

హూడిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాది. ఆ రోజుల్లో మతాల మీద జీవితమంతా పరిశోధన చేసిన ఒక పండితుడి పుస్తకాల పిచ్చి పట్టింది. ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఆచారం ఎలా పుడుతుంది, మొదట చెప్పిందెవరు, విన్నవాళ్ళు ఎందుకు నమ్మారు అని ప్రతి పుస్తకంలోనూ అడుగుతాడు. జవాబు మాత్రం చెప్పడు. నవలలు కూడా రాశాడు. పరిశోధనల్లో అన్నిటినీ అనుమానించే ఆ పెద్దమనిషి, నవలల్లో ఆచారాలను సొంతంగా అల్లి, చదివేవాడు దండం పెట్టుకునేంతగా నమ్మిస్తాడు. ఆఫీసు బస్సులో అవి చదువుతూ దిగాల్సిన స్టాపు దాటిపోయేవాణ్ణి.

ఆదివారాలు బెళ్ళందూరులో అపార్ట్‌మెంట్లు కట్టే మా అనంతపురం వైపు కూలీల షెడ్లకు వెళ్ళేవాణ్ణి. మేస్త్రీ మా పెదనాన్న కొడుకు. గోడ పక్కన పసుపు రాసిన రాయి వాళ్ళ అమ్మవారు. షెడ్లు ఎత్తేసినప్పుడల్లా ఆ రాయిని కొత్త చోటికి తీసుకెళ్ళేవాళ్ళు. ఎక్కడైనా దీపం పెట్టేది సుబ్బమ్మే. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఇటుకలు మోసి వచ్చి, స్నానం చేసి, దీపం పెట్టాకే అన్నం తినేది.

ఒకసారి షెడ్లు మారుస్తూ, అమ్మవారిని కదిలించడానికి పద్ధతేమైనా ఉందా అని మా అన్న అడిగాడు. చదువుకున్నవాణ్ణి కదా! నవల్లోని ముక్క నోటికొచ్చింది. పాత చోట దీపం పెట్టిన చేయి కొత్త చోట పెట్టకూడదు, వేరే చేయి కావాలన్నాను. పెద్ద పండితుడు రాశాడన్నాను. అది నవల అని చెప్పలేదు.

సుబ్బమ్మ నా దగ్గరికొచ్చింది.

“నిజంగా పుస్తకంలో ఉండాదా అప్పా?”

“ఉండాది.”

“అట్లయితే సరేలే. అమ్మకు ఏది మంచిదో అదే కానీ.”

ప్రమిద అక్కడే పెట్టేసింది. నాకు జాలి కలగలేదా? కలిగింది. కానీ అంతకంటే ముందు గుండె దడదడలాడింది, ఒక ఆచారం పుట్టడం కళ్ళారా చూస్తున్నాను కదా అని. ఆ సంబరం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ తర్వాత నేనేమీ చేయనక్కర్లేకపోయింది. బొమ్మసంద్రకు మారినప్పుడు, దీపం పెట్టేది కొత్త కోడలే అయ్యుండాలని వాళ్ళే కలిపారు. ఇంకోసారి, ఇంతకుముందెప్పుడైనా దీపం పెట్టిన మనిషి ఆ రోజంతా ఎడంగా ఉండాలన్నారు. ఎవరు చెప్పారని ఆరా తీశాను. పెద్దల కాలం నుంచీ ఉన్నదే అన్నారు. ఆ పండితుడు చూస్తే ఎంత మురిసిపోయేవాడో అనుకున్నాను. మురిసేవాడా? నా చెంప పగలగొట్టేవాడేమో.

మొన్న మళ్ళీ షెడ్లు మారాయి. నిజం చెప్పేద్దామనే వెళ్ళాను. సుబ్బమ్మ రోడ్డుకు అవతల నిలబడి అక్కడి నుంచే దండం పెడుతోంది. దీపం వెలిగించడానికి బెదిరిపోయిన కొత్త కోడలు “నువ్వూ రా అవ్వా” అని పిలిచింది.

“నేను రాగూడదు తల్లీ. నా చెయ్యి తగిల్తే మీ అందరికీ కీడు.”

కీడు అని నేను అనలేదు. నవల్లోనూ లేదు. ఆ మాట ఆమే తనమీద వేసుకుంది.

నిజం చెప్పకుండానే వెనక్కి వచ్చేశాను. చెబితే మళ్ళీ దీపం పెడుతుందా, లేక ఇన్నేళ్ళూ ఊరికే దూరంగా నిలబడ్డానని కుమిలిపోతుందా? చూశారా, ఇప్పటికీ ఏమవుతుందో తెలుసుకోవాలనే ఉంది. ఆ బుద్ధి పోలేదు. మీకు చెప్పాక గుండె కాస్త తేలికైంది. సుబ్బమ్మకు మాత్రం ఇంకా చెప్పలేదు.