శుక్రవారం తీసేయాల్సిన నెట్‌వర్క్

ఆరేళ్లుగా నా ఉద్యోగమంతా ఒక జాబితా. మా కంపెనీ సొంతంగా కంప్యూటర్లు పెట్టుకోదు. ఏవేవో దేశాల్లో ఉండే క్లౌడ్‌లో అద్దెకు తీసుకుంటుంది. వాటిని ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్కులుంటాయి, బయటికి తెరుచుకునే గేట్‌వేలుంటాయి, ప్రతిదానికీ ఒక అంకెల చిరునామా ఉంటుంది. ఏది ఎక్కడుందో, ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎక్సెల్ షీటులో రాసి ఉంచడం నా పని. చోడవరంలో మా ఇంట్లోనే కూర్చుని చేస్తాను. కరోనా రోజుల్లో విశాఖపట్నం ఆఫీసు మూసేసినప్పుడు ఇంటికి తెచ్చుకున్న లాప్‌టాప్ మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు.

ఇంట్లో నేనూ మా అత్తగారూ ఉంటాం. నా భర్త బుచ్చయ్యపేట వైపు ఒక ఊరి బడిలో లెక్కలు చెప్పేవారు. మూడేళ్ల క్రితం ఒక సోమవారం పొద్దున్న, బడికి వెళ్ళడానికి బండి బయటకు తీస్తూ గుమ్మం ముందే కూర్చుండిపోయారు. అనకాపల్లి ఆస్పత్రికి చేరేసరికి ప్రాణం లేదు. ఆయనకు నలభై ఒకటి. ఎవరైనా అడిగితే ఇంతే చెప్తాను. ఇంతకంటే నాకు గుర్తు కూడా లేదు. ఆ వారం గురించి ఆలోచిస్తే సోమవారం తర్వాత ఆదివారం వస్తుంది.

ఈ ఏడాది మా ఊరి చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలై, రోడ్డంతా చెరకు ట్రాక్టర్లు బారులు తీరిన రోజుల్లో, హైదరాబాద్‌లో ఉండే మా మేనేజర్ ఒక కొత్త సాఫ్ట్‌వేర్ గురించి చెప్పాడు. అది మా కంపెనీ క్లౌడ్ ఖాతాలన్నిట్లోకీ వెళ్లి, ఉన్నవాటన్నిటినీ తనే వెతికి, జాబితా రాసి, దేనికి ఏది కలిసి ఉందో బొమ్మ కూడా గీస్తుందట.

"ఇక మీరు చేత్తో రాయక్కర్లేదండీ. ఒకసారి దాని జాబితాను మీ షీటుతో సరిచూడండి చాలు" అన్నాడు.

సరే అన్నాను. బాధ వేసిందా అని ఆ సాయంత్రం నన్ను నేను అడిగి చూసుకున్నాను. ఏమీ వేయలేదు.

మర్నాడు పొద్దున్న దానికి అనుమతులిచ్చాను. చూడ్డానికి మాత్రమే, దేన్నీ ముట్టుకోవడానికి కాదు. మొదలుపెట్టి వంటింట్లోకి వెళ్లి, పప్పు కుక్కర్లో పెట్టి, టీ తాగి వచ్చేసరికి అయిపోయింది. నా షీటులో నాలుగువందల పన్నెండు వరసలున్నాయి. దాని జాబితాలో నాలుగువందల యాభైమూడు ఉన్నాయి. నేనెరగని నలభై ఒకటికి సొంతదారులెవరో కనుక్కోవాలి.

రెండు రోజులు అదే పని. "ఇది మీదేనా?" అని ఒక్కొక్కళ్లకీ రాశాను. కొందరు తమదేనన్నారు. కొందరు ఎప్పుడో మర్చిపోయామని, తీసేయమని చెప్పారు. ఇద్దరు అప్పటికే ఉద్యోగం మానేసి వెళ్ళిపోయారు. మూడో రోజు సింగపూర్‌లో ఉన్న ఒక నెట్‌వర్క్ దగ్గరికి వచ్చాను. లోపల మూడు విభాగాలు, ఒక గేట్‌వే. కంప్యూటర్ ఒక్కటీ లేదు. ఎవరు ఏది పెట్టినా వాళ్ల పేరూ సమయమూ వాటంతట అవే నమోదయ్యే ఏర్పాటు మాకు ముందునుంచీ ఉంది. దాని ప్రకారం దాన్ని పెట్టింది నేను. వివరణ అని ఉన్నచోట "శుక్రవారం తీసేయాలి" అని ఇంగ్లీషులో రాసి ఉంది.

తేదీ చూశాను. ఆయన పోయిన వారంలో గురువారం, పొద్దున్న పదకొండూ ఇరవై. మంగళవారం మట్టి చేశాం.

నాకు గుర్తులేదు. కొంచెం కూడా లేదు. నా పాస్‌వర్డ్ ఇంకెవరైనా వాడారేమో అనుకున్నాను. కానీ విభాగాలకు పేర్లు పెట్టిన తీరు నాదే. నేనెప్పుడూ అలాగే పెడతాను, ఊరి పేరులో మూడక్షరాలు, తర్వాత గీత, తర్వాత అంకె.

వీధి వరండాలో అత్తగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"అత్తా, ఆయన పోయిన వారంలో నేను పని చేసేనా?"

ఆవిడ తలెత్తలేదు. చెయ్యీ ఆపలేదు.

"సేసేవు" అన్నారు. "లచ్చివారం నాడు."

"ఏటి చేసేను?"

"నాకేటి తెలుసమ్మా. పెట్టె తెరుసుకుని కూకున్నావు. ముందుగదిలో మన సర్చి సంగపోల్లందరూ పాటలు పాడతన్నారు. నువ్వు లోపల టిక్కుటిక్కుమని కొట్టుకుంటన్నావు. ఫోన్లో ఎవులితోనో ఇంగిలీషు మాటాడేవు. ఒకపాలి నవ్వేవు కూడాను."

"నవ్వేనా?"

"నవ్వేవు. అందరికీ ఇనబడ్డాది. పాట ఆగిపోనాది."

ఒక ట్రాక్టరు వెళ్ళింది. దాని చప్పుడు పోయాక అడిగాను.

"మరి నువ్వేటన్నావు?"

"ఏటంటాను. లేసొచ్చి నీ గది తలుపు దగ్గిరకేసేను. కుర్సీ ఏసుకుని బయట కూకున్నాను. పాస్టరయ్యగారి బార్య కోడలేదని అడిగింది. నిద్దర మాత్తరేసేం, పడుకుందని సెప్పేను. సాయంత్రం దాకా అక్కడినించి లెగలేదు. అబద్దం ఆడేను కదా, తరవాత పార్దనలో సెప్పుకున్నాను."

"నాకెప్పుడూ చెప్పలేదేటి?"

"నువ్వడగలేదు గదా" అన్నారు ఆవిడ. ఈనెలన్నీ పోగుచేసి చాటలో ఒక పక్కకు తోశారు.

ఆ రోజు ఆ తలుపవతల కుర్చీలో కూర్చున్నది ఆయన్ని కన్నతల్లి. కొడుకు పోయిన నాలుగోరోజు. ఇది నాకు అప్పటికప్పుడు తట్టలేదు. లోపలికొచ్చి, లాప్‌టాప్ ముందు కూర్చుని, ఇంకో రెండు వరసలు పూర్తి చేశాక తట్టింది. తట్టినా ఏడుపు రాలేదు. కళ్లు మాత్రం కాసేపు ఒకే అంకె మీద ఉండిపోయాయి.

నేను ఫోన్లో మాట్లాడింది ఎవరితోనో ఊహించగలను. చెన్నైలో ఉండే సహోద్యోగి ఒకడున్నాడు, అప్పట్లో మా ఇద్దరిదీ ఒకే బృందం. మేం ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం. మధ్యాహ్నం అతనికి ఫోన్ చేసి, సింగపూర్ నెట్‌వర్క్ ఒకటి దొరికిందని, నా పేరు మీద ఉందని చెప్పాను.

"అది ఇంకా ఉందా?" అన్నాడు.

"ఉంది. ఎందుకు పెట్టాను?"

"నువ్వే ఫోన్ చేశావు. ఏదైనా పని ఇవ్వమన్నావు. నువ్వు సెలవులో ఉన్నావు కదా అన్నాను. ఏదో ఒకటి ఇవ్వు అన్నావు. మూడుసార్లు అన్నావు. నా దగ్గర ఇవ్వడానికి పనేమీ లేదు. అందుకని సింగపూర్‌లో ఒక నెట్‌వర్క్ పెట్టు, పరీక్ష కోసం అని చెప్పాను. దాని అవసరం ఎవరికీ లేదు. గంటలో చేసి చూపించావు."

"నవ్వానట."

"నవ్వావు. సింగపూర్ స్పెల్లింగ్ తప్పు కొట్టేశానంటూ నీకు నువ్వే నవ్వావు. నాకు భయమేసింది. ఫోన్ పెట్టేశాక ఆ రోజు నేనింకే పనీ చేయలేకపోయాను." మళ్ళీ తనే, "శుక్రవారం తీసేయమని నేనే గుర్తు చేయాల్సింది. మళ్ళీ నీకు ఫోన్ చెయ్యడానికి ధైర్యం చాల్లేదు" అన్నాడు.

పర్వాలేదన్నాను. అతని పిల్లల గురించి అడిగాను. పెద్దది తొమ్మిదో తరగతట.

సొంతదారు అన్న గడిలో నా పేరు రాశాను. ప్రయోజనం అన్న గడిలో ఏం రాయాలో తెలియక కాసేపు ఖాళీగా ఉంచి, తర్వాత "పరీక్ష, అవసరం లేదు" అని రాశాను. మా పద్ధతి ప్రకారం దేన్నైనా వెంటనే తీసేయకూడదు. ముందు దాని దారులు మూసేసి, వారం పాటు ఎవరైనా ఫిర్యాదు చేస్తారేమో చూడాలి. మూసేశాను. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఎనిమిదో రోజున, మొదట గేట్‌వే విప్పి, తర్వాత మూడు విభాగాలూ ఒకటొకటిగా తీసి, చివర్న నెట్‌వర్క్‌ని తీసేశాను. నిజంగానే తీసేయాలా అని స్క్రీన్ మీద అడిగింది. అవునన్నాను. మర్నాడు సాఫ్ట్‌వేర్ మళ్ళీ అన్నీ వెతికి కొత్త జాబితా ఇచ్చింది. అందులో అది లేదు.

తర్వాతి సోమవారం సమావేశంలో మేనేజర్ కొత్త ఏర్పాటు బాగుందన్నాడు. నా షీటును పాత ఫైళ్లలోకి మార్చేశారు. నా ఉద్యోగం పోలేదు. ఇప్పుడు నేను రాయను, అది రాసింది చదువుతాను.

కానీ అప్పటినుంచి అత్తగారిని అడగడం మొదలుపెట్టాను. రోజూ కాదు. ఆవిడ కూర తరుగుతున్నప్పుడో, చర్చికి వెళ్లొచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్నప్పుడో. మొన్న ఆదివారం ఆరాధన అయి ఇంటికొచ్చాక అడిగాను.

"ఆ లక్ష్మివారానికి ముందురోజు ఏటి చేసేను అత్తా? బుధవారం."

ఆవిడ కాస్త ఆలోచించారు.

"బుదారం గుడ్డలుతికేవు. ఆడి సొక్కాలన్నీ. ఉతికినవి కూడా మల్లీ తీసి ఉతికేవు. ఒద్దంటే ఇన్లేదు. ఆరేసి, ఇస్త్రీ సేసి, మడతెట్టి నువ్వే బీరువాలో ఎట్టేవు."

అవి ఆవిడే సర్దారని ఇన్నాళ్లూ అనుకున్నాను. లోపలికెళ్లి బీరువా తెరిచాను. కింది అరలో పదకొండు చొక్కాలున్నాయి, కాలర్లన్నీ ఒకే వైపుకి. పై చొక్కా మీద చెయ్యి పెట్టాను. మడత దగ్గర బట్ట కొద్దిగా పసుపెక్కింది. బీరువా మూశాను.

"అన్నం ఎట్టీమంటావా?" అని అత్తగారు కేకేశారు.

పెట్టమన్నాను.