ఎర్ర సిరా పేర్లు

రిటైరవడానికి ఏడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను మండవల్లి మండలంలో కొల్లేటి అంచునున్న ఒక సబ్ సెంటరుకు ఏఎన్ఎంగా బదిలీ చేశారు. సబ్ సెంటరంటే రెండు గదులు, ఒక బల్ల, బీపీ మిషను, టీకాల డబ్బా, బీరువా నిండా రిజిస్టర్లు. కిటికీ తీస్తే చేపల చెరువుల మీది గాలితో పాటు మేత వాసన కూడా వచ్చేది. మొదటి నెలంతా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో మేడ మీద కూర్చుంటే ఆ వాసన లేక ఏదో వెలితిగా ఉంటుంది.

మా నాన్నది తాడేపల్లిగూడెంలో బట్టల కొట్టు. నాకు నడక కంటే బేరం ముందు వచ్చిందని మా అమ్మ అనేది. ఆ విద్య ఉద్యోగంలో బాగా పనికొచ్చింది. పిల్లలు చాలనుకున్న ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషను గురించి చెప్పడం మా పనుల్లో ఒకటి. చెప్పమంటే నేను ఒప్పించేదాన్ని. ఒప్పుకోలు పత్రంలో, ఈ ఆపరేషను అరుదుగా విఫలం కావచ్చు అనే వాక్యం ఒకటుంటుంది. బిల్లు అడుగున ఉండే చిన్న అక్షరాలను మా నాన్న ఎంత శ్రద్ధగా చదివి వినిపించేవారో, నేనూ దాన్ని అంతే శ్రద్ధగా, అంటే ఒక్క గుక్కలో, వినిపించేదాన్ని. పైగా, "ఒకసారి చేయించుకుంటే జన్మలో ఆ బెంగ ఉండదండి" అని సొంత మాట ఒకటి తగిలించేదాన్ని.

ఎస్తేరుకూ అదే చెప్పాను. ఇద్దరు పిల్లల తల్లి. భర్త చేపల చెరువుకు కాపలాదారు, వారంలో నాలుగైదు రోజులు గట్టు మీద పాకలోనే ఉండేవాడు. ఇంట్లో పెత్తనం అత్తగారు శాంతమ్మది. ఎస్తేరు ముందే సిద్ధంగా ఉంది, ఒప్పుకోనిది శాంతమ్మే. మధ్యాహ్నం మొదలుపెట్టి సాయంత్రం దీపాలు పెట్టే వేళకు గెలిచి లేచాను.

మా రిజిస్టరు సంగతి కొంచెం చెప్పాలి. పిల్లలు పుట్టే వయసులో ఉన్న దంపతులందరి పేర్లూ అందులో ఉంటాయి. నెలనెలా ఇంటింటికీ తిరిగి, ఆఖరుసారి బహిష్టు ఎప్పుడయిందో అడిగి ఆ పేరు ఎదుట రాసుకోవాలి. నెల తప్పిందంటే గర్భ పరీక్ష కార్డు ఇవ్వాలి. ఆపరేషను అయినవాళ్ల పేరు ఎర్ర సిరాతో రాసి, ఇక ఆ వరుస దగ్గర ఆగేదాన్ని కాదు. ఏ సర్క్యులరూ అలా చెప్పలేదు. నాకు ముందున్నావిడ చేసింది, నేనూ చేశాను.

ఎస్తేరు ఆపరేషనయిన మూడో ఏడు, ఒక టీకాల బుధవారం, తల్లులందరూ వెళ్లేదాకా ఆగి లోపలికి వచ్చింది.

"నర్సమ్మగారూ, నెల తప్పి పదిహేను రోజులు దాటిందండి. కార్డొకటి ఇవ్వండి."

"ఆపరేషనయినదానివి, నీకు కార్డెందుకమ్మా?"

"అలాగే అంటారనుకున్నానండి. అయినా ఇవ్వండి, మనసు కుదుటపడుతుంది."

నీరసానికి బహిష్టు వెనకబడుతుంది, ఐరన్ మాత్రలు వేసుకుని వచ్చే బుధవారం రమ్మన్నాను. పోనీ శుక్రవారం రానా అని అడిగింది. బుధవారమే అన్నాను. నా బీరువాలో కార్డులు లేక కాదు. ఎర్ర పేరు ఎదుట కార్డు ఇచ్చినట్టు రాస్తే పైవాళ్లు అడుగుతారని, అంతకంటే ఎక్కువగా, జన్మలో బెంగ ఉండదన్న నా మాట అబద్ధమవుతుందని. సరేనండి అని మాత్రలు కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. బేరం నేనే గెలిచాను.

శనివారం పొద్దున్నే శాంతమ్మ ఫోను చేసింది. "కోడలు కళ్లు తిరిగి పడిపోయిందండి. పొత్తికడుపులో ఒక పక్క నొప్పంటుంది. భుజం కూడా లాగేస్తోందంటండి."

భుజం అనగానే సంగతి తెలిసిపోయింది. ఆపరేషనులో మూసిన గర్భనాళం ఎప్పుడైనా మళ్లీ కలుసుకుంటే గర్భం రావచ్చు. అది గర్భసంచిలోకి చేరక నాళంలోనే ఇరుక్కుని పెరిగితే నాళం పగులుతుంది, కడుపులోపల రక్తం కారుతుంది. ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. ట్రైనింగులో రాసుకున్న పాఠమే ఇది. అంబులెన్సుకు ఫోను చేసి, కార్డు పట్టుకుని ఆటో ఎక్కాను.

ఎస్తేరు మనిషి తెల్లగా పాలిపోయింది. బీపీ బాగా పడిపోయి ఉంది. కార్డు మీద రెండు గీతలు వచ్చాయి. శాంతమ్మ ఆ గీతల వంకా కోడలి వంకా మార్చి మార్చి చూసింది.

"ఆపరేషనయినదానికి కడుపేమిటండీ? మావాడు చూస్తే ఎప్పుడూ చెరువు మీదే ఉంటాడాయె."

ఎస్తేరు కళ్లు తెరిచి నా వంకే చూసింది.

"శాంతమ్మగారూ, ఆవిణ్ణి కాదు, నన్ను చూడండి. ఈ ఆపరేషను ఎక్కడో ఒకరికి తప్పుతుంది. కాగితంలో ఉంది. గబగబా చదివి దాటేసింది నేను. మొన్న కార్డడిగితే ఇవ్వనిదీ నేనే."

శాంతమ్మ కోడలి తల ఒళ్లోకి తీసుకుని అంది: "ఆ రోజు పొద్దుగూకేదాకా కూర్చుని అన్ని కబుర్లు చెప్పారు కదండీ. ఈ ఒక్క ముక్కకి ఎంతసేపు పడుతుందండి?"

అంబులెన్సులో ఏలూరు పెద్దాసుపత్రికి చేర్చాం. దారిలో గట్టు వెంట కొంగలు బారులు తీరి ఉన్నాయి. రోజూ చూసి మురిసేదాన్ని, ఆ పూట ఎందుకు గుర్తుండిపోయాయో తెలియదు. నాళం పగిలిందని డాక్టరమ్మ వెంటనే ఆపరేషను చేసి, రక్తం ఎక్కించారు. నెల తప్పిందని ముందే ఎవరికైనా చెప్పిందా అని అడిగారు. నాకే చెప్పిందండీ అన్నాను. ఆవిడ అదే కేసు షీటులో రాశారు. తరువాత నాకు మెమో వచ్చింది. జవాబులో కూడా అంతే రాశాను.

మూడో రోజు వార్డుకు వెళితే ఎస్తేరు దిండుకు ఆనుకుని కూర్చుని గంజి తాగుతోంది. శాంతమ్మ గ్లాసు పట్టుకుని ఉంది.

"ఈసారి కార్డడిగితే ఇస్తారాండీ, బుధవారం రమ్మంటారా?" అంది ఎస్తేరు. శాంతమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వడానికి నాకు ఇంకో నెల పట్టింది.

ఆ వారమే రిజిస్టరులో ఎర్ర పేర్ల ఎదుట కూడా పెన్సిలుతో గళ్లు గీసి, ఆ ఇళ్ల దగ్గరా ఆగడం మొదలుపెట్టాను. ఒప్పుకోలు పత్రంలోని ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, ఏమర్థమయిందో వాళ్ల చేతే చెప్పించేదాన్ని. అది విని ఒకరిద్దరు ఆలోచించుకుంటామని వెళ్లిపోయారు. వెళ్లనిచ్చాను.

చార్జి అప్పగించిన రోజు కొత్తగా వచ్చిన ఏఎన్ఎం ఆ పెన్సిలు గళ్లేమిటని అడిగింది. ఆపరేషనయినవాళ్లు నెల తప్పిందంటే ముందు పరీక్ష చెయ్యాలని, గర్భమని తేలితే అది ఎక్కడుందో తెలియడానికి అదే రోజు స్కానింగుకు పంపాలని చెప్పాను. ఎస్తేరు ఆ బుధవారం అడిగింది ఒక్క కార్డు. అందులో బేరమాడవలసింది ఏమీ లేదు.