చెప్పుకోలేని అవసరం

సహోదరులారా, నవ్వొస్తే ఆపుకోకండి, నేను ఈ సాక్ష్యం ఎక్కడ చెప్పినా ముందు వరుసలో అమ్మలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటూనే ఉంటారు, కానీ ఆ రోజుల్లో మా ఇంట్లో నవ్విన మనిషి లేడు, నేను చచ్చిపోతాననే అందరం అనుకున్నాం.

నేను ఉక్కు కంపెనీలో క్రేన్ డ్రైవర్ని. కింద కరిగిన ఇనుము, పైన కప్పుకు ఆనుకుని నా క్యాబిన్, డ్యూటీ మధ్యలో నిచ్చెన దిగానంటే కింద పనంతా ఆగిపోతుంది, ఫోర్‌మన్ తిట్టే తిట్లు అంత చప్పుడులోనూ పైకి వినబడతాయి, అందుకని మా క్రేన్ వాళ్ళందరిలాగే నేనూ ఒక తెలివి నేర్చుకున్నాను, నీళ్ళు తాగకపోతే దిగే పనే ఉండదు కదా! ఆ సెగకు ఒళ్ళంతా చెమటై కారిపోతున్నా గొంతు తడుపుకుని ఊరుకునేవాణ్ణి. డ్యూటీ దిగి మేముండే బర్మామైన్స్ బస్తీకి వస్తే మా సందుకంతటికీ కలిపి ఉన్న మరుగుదొడ్ల ముందు డబ్బాలు పట్టుకుని జనం, లోపలికి వెళ్ళగానే తలుపు బాది 'జల్దీ నికలో' అని కేకలు, వచ్చేది కూడా భయపడి వెనక్కి పోయేది. ఏళ్ళ తరబడి అలా చేస్తే కడుపు ఊరుకుంటుందా, చివరికి నా మాట వినడం మానేసింది.

ఆ బాధ పగవాడికి కూడా వద్దు. కూర్చోలేను, పడుకోలేను, పొట్ట నిండు గర్భిణికిలా ఉబ్బిపోయింది. మా ఆవిడ మార్తమ్మ ఆముదం పట్టించింది, పక్కింటి బీహారీ వదిన ఇసబ్గోల్ కలిపి ఇచ్చింది, అన్నీ లోపలికి వెళ్ళాయి గానీ ఒక్కటీ బయటికి రాలేదు! ఆఖరికి డాక్టరు పొట్ట నొక్కి చూసి, సోమవారం ఉదయానికి కదలకపోతే కోయక తప్పదన్నాడు. మా అన్న అలాంటి ఆపరేషన్‌కే వెళ్ళి తిరిగి రాలేదు. పిల్లల్ని చూసి ఏడ్చాను.

మా చర్చి సంఘంలో ఒక అలవాటుంది, ఆదివారం వాక్యానికి ముందు ప్రార్థన అవసరం ఉన్నవాళ్ళు లేచి చెబుతారు, నోటితో చెప్పలేనిదైతే 'చెప్పుకోలేని అవసరం' అంటే చాలు. నేను వారం వారం అదే అనేవాణ్ణి. పాపం, సంఘం ఎవరికి తోచినట్టు వాళ్ళు ప్రార్థించారు, ఒకాయన నాకు ప్రమోషన్ ఇమ్మని అడిగాడు, ఒకామె మా దంపతుల మధ్య సమాధానం కలిగించమని కన్నీళ్ళు పెట్టుకుంది. మార్తమ్మ ముఖం మాడిపోయేది. ఆ ఆదివారం కూడా నేను లేచి అదే మాట అన్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి మార్తమ్మ లేచింది.

"ఏటి సెప్పుకోలేని అవసరం? ఈయనకి దొడ్డికి అవట్నేదు. రేపు పొట్ట కోసేత్తారంట. దానికి పార్దన సెయ్యండి."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ ఒక్కరూ నవ్వలేదు. పాస్టరుగారి తల్లి శాంతమ్మగారు వచ్చి నా పొట్ట మీద చెయ్యి వేసి, "తండ్రీ, సముద్రంలో దారి సేసినోడివి, యీ బిడ్డ పేగులో ఓ దారి సెయ్యలేవా" అని అడిగింది. సంఘమంతా గొంతెత్తి ఆమేన్ అంది. అప్పుడే నీళ్ళ సంగతి కూడా నా నోట బయటపడింది. పార్దన సేయించుకుని నోరు కట్టేసుకుంటావేటి బాబూ అని ఆవిడే చెంబు అందించి ఆ రోజంతా నాచేత నీళ్ళు తాగించింది.

సోమవారం తెల్లవారింది. ఆసుపత్రి సంచీ సర్దేశాం, రిక్షా గుమ్మంలోకి వచ్చింది, ఒక కాలు పైకి పెట్టానో లేదో కడుపులో ఉరిమింది! పరుగెత్తాను. ఎవరికీ దారి ఇవ్వని ఆ డబ్బాల లైను నా ముఖం చూసి రెండుగా చీలింది సహోదరులారా, నేను మధ్యలోంచి వెళ్ళాను! ఆ రోజు తలుపు బాదినవాడు లేడు. లోపలి నుంచి నేను 'హల్లెలూయ' అని అరిస్తే, బయట మార్తమ్మ ఏడుస్తూ స్తోత్రం చెల్లించింది, ప్రభువును ఎరుగని మా పొరుగువాళ్ళు సైతం 'హో గయా, హో గయా', అయిపోయింది అయిపోయింది అని చప్పట్లు కొట్టారు. డాక్టరు పొట్ట నొక్కి చూసి ఇంటికి పొమ్మన్నాడు.

ఇప్పుడు నీళ్ళ సీసాతోనే క్రేన్ ఎక్కుతున్నాను, అవసరమైతే దిగుతున్నాను, ఫోర్‌మన్ తిడితే తిట్టనివ్వండి. మీ లోపల ఏది బిగుసుకుపోయి ఉన్నా దాని పేరు పెట్టి ఆయన్ని అడగండి, మన దేవుడు ముక్కు మూసుకునే దేవుడు కాడు. మీ ఆవిడ లేచి చెప్పేదాకా మాత్రం ఆగకండి. దేవునికే మహిమ!