సూదుల బేరం

రాయపూర్ గంజ్ బజారులో నా అంత బేరగాడు లేడు. డాక్టరు చెప్పిన సూదుల సంఖ్యనే సగానికి దింపినవాణ్ణి నేను.

క్షయకు సూదిమందు కొత్తగా వచ్చిన రోజులవి. మా బియ్యం కొట్లో మా నాన్న కాలం నుంచీ బస్తాలు మోస్తున్న శ్రీకాకుళం మనిషికి ఆ జబ్బు తగిలింది. ఖర్చు నేనే పెట్టుకుంటానన్నాను. డాక్టరు అరవై సూదులన్నాడు.

"ముప్పైకి చేసెయ్యండి, డాక్టర్ సాబ్."

"ఇదేమన్నా సబ్జీమండీ అనుకున్నావా, కూరగాయల్లా బేరమాడడానికి?"

ముప్పై అయ్యేసరికి దగ్గు తగ్గింది. ఇక చాలన్నాను. అతనూ సరేనన్నాడు.

"దగ్గు నేదు గదా బాబూ. రోజూ సూదికెల్తే మూటలెవుడు మోత్తాడు, నువ్వా?"

ఇద్దరం నవ్వుకున్నాం.

పక్క కొట్టు నూనె వ్యాపారికీ అప్పుడే అదే జబ్బు. వయసూ ఇంచుమించు అదే, నలభై ఐదు. అతను ఒక్క సూదీ మానలేదు. గల్లా కొడుక్కి అప్పగించి, పాలు తాగుతూ ఏడాది పడుకున్నాడు. మావాడు బస్తాల కిందికి తిరిగి వెళ్లాడు. వానాకాలంలో దగ్గు మళ్లీ వచ్చింది. ఈసారి అడిగినంతా ఇస్తానన్నాను. సగంలో ఆపిన మందుకు జబ్బు ఇక లొంగదన్నాడు డాక్టరు; మావాడు పోయాడు. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నూనె వ్యాపారి డెబ్బై దాటాక పోయాడు. లెక్క చూస్తే నాకు మిగిలింది ముప్పై సూదుల ఖరీదు, మావాడికి పోయింది పాతికేళ్లు. అంతకుముందు ఏళ్ల తరబడి అతని కూలిలో నేను గీసి గీసి తగ్గించిందే చేతికిచ్చి ఉంటే, ఆ అరవై సూదులూ అతనే కొనుక్కునేవాడు.