చెయ్యి పట్టుకునే ఎర్మెలిండా

మెక్సికో నగరంలో, పోర్తాలెస్ పేటలో ఉంది మా పనిశాల. టీవీ సీరియళ్ల విలన్లకు వంకర ముక్కులు, కాలిన బుగ్గలు, క్రిస్మస్ నాటకాల సైతాన్లకు కొమ్ములూ చెవులూ చేస్తాను. రబ్బరు, సిలికాన్ నాకు లొంగుతాయి. మనుషులే లొంగరు. ముక్కు అతకాలంటే ముందు ఆ మనిషి ముఖానికి అచ్చు తీయాలి. చల్లటి ముద్ద ముఖమంతా పూసి, దాని మీద ప్లాస్టర్ పట్టీలు వేసి, గట్టిపడేదాకా కూర్చోబెట్టాలి. కళ్లూ నోరూ మూసుకుపోతాయి. ముక్కు రంధ్రాలు మాత్రం వదిలేస్తాను. తెర మీద పదిమందిని నరికే వీరులకు కూడా నా కుర్చీలో ముచ్చెమటలు పోస్తాయి. నాకా, ఓపిక తక్కువ. కదలొద్దని కసిరితే ఇంకా కదులుతారు.

దోన్యా ఎర్మెలిండా మా దగ్గరికి ఊడవడానికి వచ్చింది. ఒకసారి ఒక నటుడు ప్లాస్టర్ కింద వణికిపోతుంటే చీపురు పక్కన పడేసి, అతని చెయ్యి పట్టుకుని ఏదో చెప్పడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆమె పని అదే అయింది. నవ్వొచ్చే కబురు చెబితే బుగ్గలు కదిలి అచ్చు చెడుతుంది. ఏడుపొచ్చేది చెబితే ముక్కు కారుతుంది. నవ్వూ ఏడుపూ లేనిది, బోలెడంత పొడుగున్నది ఆమెకు ఒక్కటే వచ్చు. ప్వేబ్లా ఊళ్లో వాళ్లమ్మ వండే మోలె పులుసు! ఎండుమిర్చికి గింజలు తీయడం దగ్గర మొదలెట్టి, నువ్వులు, బాదం, ఎండుద్రాక్ష, మాడ్చిన రొట్టెముక్క అన్నీ దాటుకుని ఆఖర్న చాక్లెట్ దగ్గరికి వచ్చేసరికి ప్లాస్టర్ గట్టిపడేది.

"లోపల ఏమీ ఉండదు నాయనా, కునుకు తీసినట్టే. బాగుంటే బొటనవేలు పైకెత్తు, బాగోకపోతే కిందికి దించు" అని అందరికీ చెప్పేది. తాను మాత్రం ఒక్కసారీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

కిందటేడు ఆమె ముక్కు మీద మానని పుండు లేచింది. చర్మ క్యాన్సర్ అన్నారు. డాక్టర్లు జబ్బు మొత్తం తీసేశారు గానీ దాంతోపాటు ముక్కులో సగం పోయింది. గండం గడిచిందని మేమందరం సంతోషిస్తుంటే ఆమె తలుపేసుకుని కూర్చుంది. సంతకు వెళ్లదు, చర్చికి వెళ్లదు. చూడ్డానికి వెళ్తే శాలువా ముఖానికి అడ్డం పెట్టుకుని మాట్లాడింది.

"నీకు ముక్కు చేస్తాను, రా అక్కా" అన్నాను.

"ఆ ప్లాస్టర్ కిందికా? నా వల్ల కాదే తల్లీ. నాకు భయం."

"ఇన్నేళ్లూ ఏమీ ఉండదని అందరికీ చెప్పావుగా!"

"నాకేం తెలుసే? నేనెప్పుడు దూరాను అందులో?"

నాకు ఒళ్లు మండింది. నవ్వూ వచ్చింది. కానీ ఇలాగే వదిలేస్తే మనిషి ఆ గదిలోనే ముగిసిపోతుందని భయం వేసింది. దోన్ ఆన్సెల్మోకి కబురు చేశాను. ప్రతి సీరియల్లోనూ ఎవరి కొంపో కూల్చే విలన్ అతను. ఎర్మెలిండా చెయ్యి అందరికంటే ఎక్కువసార్లు పట్టుకున్నదీ అతనే. వెళ్లి ఏం బతిమాలాడో గానీ, కారులో ఎక్కించుకొచ్చాడు.

"ఈసారి చెయ్యి నేను పట్టుకుంటాలే అక్కా. పులుసు కూడా నేనే వండుతా" అన్నాడు.

మానిన చోట పల్చటి గుడ్డ పరిచి, ఊపిరికి నోట్లో గొట్టం పెట్టి, ముద్ద పూశాను. పైన ప్లాస్టర్ వేశాను. ఆమె వేళ్లు అతని చేతిని నలిపేస్తున్నాయి. ఆన్సెల్మో తన నాటకాల గొంతు సవరించుకుని మొదలెట్టాడు. మాటల్లోనే మిర్చికి గింజలు తీశాడు, వేయించాడు. ఆ తర్వాత తడుముకున్నాడు.

"ఇప్పుడు... ఇప్పుడు కుండలో చాక్లెట్ వేసి, బాగా మరగనిచ్చి..."

ఆమె బొటనవేలు కిందికి దిగింది. మళ్లీ మళ్లీ, గట్టిగా.

గొట్టం మూసుకుపోయిందేమో, ఊపిరి ఆడట్లేదేమో! అచ్చు పోతే పోయింది, మనిషి దక్కితే చాలనుకుని అంచులు పట్టి లాగేశాను. అదృష్టం, అప్పటికే గట్టిపడింది. అచ్చు చెక్కుచెదరకుండా ఊడొచ్చింది. ఎర్మెలిండా గొట్టం ఉమ్మేసింది.

"ముందే చాక్లెట్ ఏమిట్రా నీ మొహం! అడుగంటి మాడి చస్తుంది! ఆఖర్న వెయ్యాలని ఎన్నిసార్లు చెప్పా నీకు?"

"చెప్పావక్కా. అక్కడిదాకా నేనెప్పుడు మేలుకుని ఉన్నాను? నీ మిర్చి వేగేసరికే నిద్రపోయేవాణ్ణి."

ఆమె పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను, స్టూలు మీద కూలబడి మరీ నవ్వాను. శాలువా కుర్చీ వెనక వేలాడుతూనే ఉంది. ఆమెకు దాని ఊసే గుర్తు రాలేదు.

ముక్కు బాగా కుదిరింది. "ఎలాగూ చేస్తున్నావు, కాస్త సన్నగా చెయ్యకూడదూ?" అని పోరింది. నేను వినలేదు, పాత ముక్కే చేశాను. అది పెట్టుకుని సంతకు వెళ్లొచ్చి, మిర్చి కొట్టువాడు పుచ్చిన సరుకు అంటగట్టబోయాడని సాయంత్రం దాకా తిట్టింది. అన్నేళ్లలో ఏ తిట్లూ నాకంత తీపిగా వినబడలేదు.

మొన్న ఒక కొత్త నటి వచ్చింది. కుర్చీలో బిగుసుకుపోయి, "లోపల చీకటిగా ఉంటుందా అమ్మా?" అని ఎర్మెలిండాని అడిగింది.

ఏమీ ఉండదంటుందని నేను ముద్ద కలుపుతూ ఎదురు చూశాను.

"చీకటే తల్లీ. నేనూ హడలిపోయాను" అంది ఎర్మెలిండా. "చెయ్యి ఇలా ఇయ్యి. ముందు మిర్చికి గింజలు తీద్దాం."